స్పీడు సెన్సర్ మార్చే ముందు దాని వైర్లు చూడండి

ఈశాన్య రుతుపవనాల వాన నాలుగు రోజులు పట్టిందంటే చెన్నై వేళచేరిలోని మా షెడ్డుకు ఒక ఫిర్యాదు తప్పకుండా వస్తుంది. కారు నడుస్తుండగా స్పీడోమీటర్ ముల్లు సున్నాకు పడిపోతుంది, కాసేపటికి దానంతటదే లేస్తుంది. సూళ్లూరుపేట నుంచి చెన్నైకి ట్యాక్సీ తిప్పే ఒక తమ్ముడు కిందటేడు నవంబరులో ఇదే బాధతో వచ్చాడు. “అన్నా, సెన్సర్ రెండుసార్లు మార్పించాను. రెండు వారాలు బాగుంటుంది, మళ్లీ మొదటికే వస్తుంది” అన్నాడు. తీసేసిన సెన్సర్లు రెండూ డిక్కీలోనే ఉన్నాయి. బల్ల మీద పెట్టి పరీక్షిస్తే రెండూ పనిచేశాయి. రోజంతా బండి తోలి సంపాదించిన డబ్బు ఇలా పోతే నాకు నిజంగా బాధేస్తుంది.

స్కానర్‌లో పీ0500 అనే లోపం కోడ్ కనిపించగానే చాలామంది సెన్సర్ పోయిందని తేల్చేస్తారు. ఆ కోడ్ చెప్పేది వేగం సంకేతం ఈసీయూకు, అంటే బండిలోని కంప్యూటర్‌కు, సరిగా అందడం లేదని మాత్రమే. తప్పు సెన్సర్‌లో ఉండవచ్చు, వైరులో ఉండవచ్చు, కనెక్టర్‌లో ఉండవచ్చు. అప్పుడప్పుడు వచ్చి పోయే తప్పయితే నేను మొదట అనుమానించేది వైరునే.

ముందుగా మీ బండిలో సెన్సర్ ఏ రకమో తెలుసుకోండి. చాలా కొత్త కార్లలో గేర్ బాక్స్ మీద విడిగా స్పీడు సెన్సర్ ఉండదు; చక్రాల దగ్గరి ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ల నుంచే వేగం లెక్కకడతారు. రెండు వైర్ల పాత రకం అయస్కాంత సెన్సర్లూ ఉన్నాయి. నేను ఇక్కడ చెప్పేది గేర్ బాక్స్‌కు బిగించి ఉండే మూడు వైర్ల హాల్ సెన్సర్ (సప్లై ఇస్తేనే పనిచేసే రకం) గురించి. ఒక వైరు సప్లై, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. ఏ రంగు దేనిదో ఊహించవద్దు, మీ మోడల్ వైరింగ్ పటం చూడండి.

మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు, చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. బల్బు టెస్టర్‌ను మాత్రం ఈ వైర్ల దగ్గరికి రానివ్వకండి. అది లాగే కరెంటుకు ఈసీయూ దెబ్బతినవచ్చు.

ఫ్యూజు చూసి, ఇగ్నిషన్ ఆపి, కనెక్టర్ ఊడదీయండి. లోపల పచ్చగా తుప్పు ఉందా, రబ్బరు సీలు చిరిగిందా, పిన్ను వెనక్కి జారిందా అని టార్చి వేసి చూడండి. తరువాత ఇగ్నిషన్ ఆన్ చేసి, వైరింగ్ వైపు పిన్నులను మీటరుతో కొలవండి. సప్లై పిన్నులో బండిని బట్టి 12 వోల్టులో 5 వోల్టులో రావాలి. చాలా బండ్లలో సిగ్నల్ పిన్నులో కూడా ఈసీయూ నుంచో స్పీడోమీటర్ నుంచో 5 లేదా 12 వోల్టులు వస్తాయి. అలాంటి బండిలో ఇక్కడ సున్నా ఉంటే ఆ వైరు తెగిందనో, ఎక్కడో బాడీకి తగులుతోందనో అర్థం. ఎర్త్ కోసం కనెక్టర్ మళ్లీ తగిలించి, వెనక నుంచి సన్నని పిన్ను దూర్చి, అక్కడికీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలవండి. 0.1 వోల్టు దాటితే ఎర్త్ బాగాలేదు. వైరు తోలు మాత్రం పొడవకండి. ఆ చిన్న రంధ్రంలోంచే వాననీరు దిగుతుంది.

ఇప్పుడు సిగ్నల్. ఇది ముందు చక్రాలకు ఇంజన్ బలం అందే బండ్లకు. ఇంజన్ ఆపే ఉంచి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు చక్రం ఒకటి లేపి స్టాండు మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే సిగ్నల్ వైరులో వోల్టేజి సున్నాకూ పైకీ మారుతూ ఉండాలి. మారుతుంటే సెన్సర్ బాగుంది. ఒకరు చక్రం తిప్పుతుండగా మరొకరు వైర్ల కట్టను బెత్తెడు బెత్తెడుగా కదిలిస్తూ పోవాలి. మీటరు ఏ చోట తడబడితే తప్పు అక్కడే.

ఆ తమ్ముడి కారులో అది గేర్ బాక్స్ పక్కనున్న ఇనుప బ్రాకెట్ దగ్గర దొరికింది. కట్టను పట్టి ఉంచే క్లిప్పు ఎప్పుడో ఊడిపోయింది. వైరు బ్రాకెట్ అంచుకు రాసుకుని రాసుకుని, తోలు మీద గోటిగీత అంత చీలిక పడింది. పైకి అంతే. రెండు వైపులా పట్టి మెల్లగా లాగితే ఆ చోట రబ్బరులా సాగింది. లోపల రాగి ఉన్న వైరు అలా సాగదు. తోలు ఒలిస్తే రాగి పోగులు పచ్చగా పిండి పిండిగా రాలాయి. రెండు మూడు పోగులు మాత్రం ఒకదానికొకటి తగిలీ తగలకుండా ఉన్నాయి. సెన్సర్ మార్చినప్పుడల్లా వైరు కదిలి ఆ పోగులు కలిసేవి. అందుకే రెండు వారాల సుఖం.

బాగుచేసేటప్పుడు తెగిన చోట ముడివేసి టేపు చుడితే సరిపోదు. ఇంజన్ వేడికి టేపు జిగురు కరిగిపోతుంది. రాగి మెరుస్తూ కనిపించేదాకా రెండు వైపులా కోసేయండి. తుప్పు తోలు లోపల చాలా దూరం పాకుతుంది, నేను ఆ రోజు జానెడు పైనే తీసేశాను. అదే మందం వైరు కలిపి, క్రింపు చేసి (నొక్కి బిగించి) లేదా టంకం వేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని బిగిసేది) తొడగండి. పక్కపక్క వైర్ల అతుకులు ఒకే చోటికి రాకుండా చూడండి. కొత్త క్లిప్పు తప్పనిసరి.

వాణిజ్య వాహనమైతే మరో చోటు చూడాలి. వేగం హద్దు దాటకుండా ఆపే స్పీడు గవర్నర్ బిగించేటప్పుడు డాష్‌బోర్డు కింద ఈ సిగ్నల్ వైరుకే అతుకు వేస్తుంటారు. ఆ అతుకు వదులైనా, గవర్నర్ లోపల పాడైనా సిగ్నల్ పోతుంది. అక్కడ పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగులవి.

చివరగా కోడ్ చెరిపి, స్కానర్ తగిలించుకునే బండి నడపండి. మేము పళ్లికరణై దాకా వెళ్లి వచ్చాము. గుంతల్లో కుదుపులు తగిలినా స్కానర్‌లోని వేగమూ ముల్లూ కలిసే కదిలాయి. తీసేసిన సెన్సర్లలో ఒకటి ఇప్పుడు అతని దగ్గర స్పేరుగా ఉంది.