మేడ మీద గదిలో మ్యూజిక్ లేబుల్ పెట్టాలంటే ముందు ఖాతా పుస్తకం కొనండి

ల్యాప్‌టాప్‌లో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ట్రాకులు చేసే కుర్రాళ్ళకి బెజవాడలో ఇప్పుడు కొదవేం లేదు, సత్యనారాయణపురంలో మా వీధిలోనే ఇద్దరున్నారు. అందులో ఒకడు మొన్న మేడెక్కి వచ్చి "అన్నా, లేబుల్ పెడుతున్నా, లోగో చూడు" అన్నాడు. లేబుల్ అంటే పాటల్ని తన పేరు మీద విడుదల చేసే సంస్థ. లోగో బాగానే ఉంది. ట్రాకులెన్నున్నాయిరా అంటే ఒకటిన్నర అన్నాడు. నవ్వే హక్కు నాకు లేదు లెండి, మూడేళ్ళ క్రితం మేం ముగ్గురం మొదలుపెట్టినప్పుడు కూడా నెలన్నర పేరు గురించే కొట్టుకున్నాం. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

అన్నిటికంటే ముందు మ్యూట్ అనే లేబుల్ ఎలా పుట్టిందో తెలుసుకోండి. 1978లో లండన్‌లో డేనియల్ మిల్లర్ అనే ఆయన సెకండ్ హ్యాండ్ కోర్గ్ సింథసైజర్ ఒకటి, నాలుగు ట్రాకుల టేపు రికార్డరు ఒకటి పెట్టుకుని ఇంట్లోనే రెండు పాటలు చేశాడు. వాటిని సింగిల్‌గా తేవడానికే లేబుల్ పేరు పెట్టాడు తప్ప కంపెనీ నడుపుదామని కాదు. 500 కాపీలు వేయిస్తే చాలనుకున్నాడు. శాంపిల్ రికార్డు పట్టుకుని రఫ్ ట్రేడ్ అనే రికార్డుల షాపుకి వెళ్తే, వాళ్ళు అక్కడే విని, 2,000 వేయిద్దాం, పంపిణీ మేం చూసుకుంటాం అన్నారు. ఇంకో పని కూడా చేశాడు, కవరు వెనక ఇంటి అడ్రసు వేశాడు. దాంతో ఎవరెవరో డెమో టేపులు పంపడం మొదలైంది. అంటే లేబుల్‌కి అసలు పునాది లోగో కాదు, బయటికొచ్చిన ఒక్క రికార్డు, దాని వెనకున్న ఒక్క అడ్రసు. కాబట్టి కనీసం మూడు ట్రాకులు పూర్తయ్యేదాకా లోగో జోలికి పోకండి.

పేరు పెట్టడానికి ఒకటే పరీక్ష. బీసెంట్ రోడ్డులో సాయంత్రం ఏడింటికి నిలబడి ఫోన్‌లో ఎవరికైనా ఆ పేరు చెప్పండి. అవతలివాళ్ళు రెండోసారి అడిగితే మార్చేయండి. ఇది నా సొంత తెలివి కాదు. 1989లో షెఫీల్డ్‌లో ఒక రికార్డుల షాపు నడిపేవాళ్ళు లేబుల్ మొదలుపెట్టి మొదట 'వార్ప్‌డ్' అనుకున్నారు, ఫోన్‌లో చెబితే ఎవరికీ సరిగ్గా వినపడక చివరి ముక్క కోసేసి 'వార్ప్' అని ఖాయం చేశారు. వాళ్ళ మొదటి రికార్డు కూడా 500 కాపీలే. ఆ తర్వాత ఏఫెక్స్ ట్విన్, ఆటెకర్ లాంటి పేరున్న ఎలక్ట్రానిక్ సంగీతకారులు ఆ గూటి నుంచే వచ్చారు.

ఇప్పుడు ఖాతా పుస్తకం సంగతి. ప్రతి రిలీజుకీ ఒక నంబరు ఇవ్వండి, ఆ నంబరు కింద ఒక పేజీ కేటాయించండి. మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీ రికార్డ్స్ అనే లేబుల్ వాళ్ళకి ఈ నంబర్ల పిచ్చి ఎంతంటే, వాళ్ళ నైట్‌క్లబ్బుకి 51 ఇచ్చారు, 2007లో ఆ లేబుల్ పెట్టినవాళ్ళలో ఒకరైన టోనీ విల్సన్ పోతే ఆయన శవపేటికకి 501 ఇచ్చారు. మీరు అంతదూరం పోనక్కర్లేదు. పేజీలో ఉండాల్సింది ఎవరు ఏం వాయించారు, ఎవరి వాటా ఎంత, ఏ తేదీన రికార్డయింది, ఒరిజినల్ ఫైళ్ళు ఏ డిస్కులో ఉన్నాయి, దాని రెండో కాపీ ఎవరింట్లో ఉంది. రెండో కాపీ అదే గదిలో పెట్టొద్దు. రోహిణి కార్తెలో మా మేడ మీద గదిలో హార్డ్‌డిస్కు కాదు, మనిషే చెడిపోతాడు. ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాలు, అంకెల కోడ్ (ఒక్కో రికార్డింగుకి ఒక్కోటి) కూడా ఆ పేజీలోనే రాయండి. పాటల్ని స్ట్రీమింగ్ యాపుల్లోకి ఎక్కించే డిస్ట్రిబ్యూటర్లు మామూలుగా దాన్ని వాళ్ళే ఇస్తారు. రేపు డిస్ట్రిబ్యూటర్‌ని మార్చేటప్పుడు పాత కోడ్ ఇవ్వకపోతే అదే పాట కొత్త పాటగా ఎక్కుతుంది, స్ట్రీముల లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది.

వాటాల దగ్గరే అసలు చిక్కు. మ్యూట్ వాళ్ళు తమ బ్యాండు డెపెష్ మోడ్‌తో కాగితమే లేకుండా చెయ్యి కలిపి, లాభం సగం సగం అనుకున్నారు, అది దశాబ్దాలు నడిచింది. ఇది చదివి మా ముగ్గురికీ కళ్ళు చెమర్చాయి, మనమూ అంతే అన్నాం. అయితే దేంట్లో సగం? గాంధీనగర్‌లో సినిమా ఆఫీసు దగ్గర టీ అమ్మే కుర్రాడికి కూడా గ్రాస్ (మొత్తం వసూలు) వేరు, షేర్ (ఖర్చులు పోగా మిగిలేది) వేరని తెలుసు, మాకు తెలియలేదు. డిస్ట్రిబ్యూటర్ ఫీజు, మాస్టరింగ్ (పాటకి చివరి మెరుగు) ఖర్చు, కవరు ఖర్చు ముందు తీసి మిగిలింది పంచాలా, వచ్చిందంతా వచ్చినట్టే పంచాలా అన్నది మొదటి రోజే రాసుకోండి. ఖర్చులు తీసి పంచేటట్టయితే ఏది ఖర్చు కిందికొస్తుందో కూడా రాయండి, మాలో ఒకడు బిర్యానీ బిల్లు పెట్టాడు.

నమ్మకం మీద నడిచిన రెండో కథ కూడా వినండి. ఫ్యాక్టరీ వాళ్ళు సంగీతమంతా బ్యాండ్లదే, మాదేం లేదు అని గొప్పగా రాసిచ్చారు. 1992లో దివాలా అంచున ఉన్నప్పుడు లండన్ రికార్డ్స్ అనే కంపెనీ కొనడానికొస్తే ఆ కాగితం బయటపడింది. అమ్మడానికి చేతిలో పాటలే లేవు. కళాకారుడి వైపు నుంచి చూస్తే అది మంచి కాగితమేనని నేనిప్పటికీ అంటాను, మా పార్టనర్ ఒప్పుకోడు.

మన దగ్గర చట్టం ఏం చెబుతుందంటే, 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాసివ్వడం కాగితం మీద, సంతకంతోనే జరగాలి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్ళు అనుకోవాలి, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియాలో మాత్రమే అనుకోవాలి. స్ట్రీమింగ్ ప్రపంచమంతా పోతుంది కాబట్టి ఈ రెండు ముక్కలు మర్చిపోతే కాగితం ఉన్నా సగమే ఉన్నట్టు. ఒక్క పేజీ తెలుగులో రాయండి, అవతలి మనిషి చదివి అర్థం చేసుకునేలా. మరీ పెద్ద డబ్బు కనపడితే అప్పుడు లాయరు దగ్గరికి వెళ్ళండి.

మాకు కాగితం విలువ తెలిసింది తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక డప్పు కళాకారుడి వల్ల. మేడ మీద రెండు గంటలు వాయించాడు, రెండు వేలు చేతిలో పెట్టాం, దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ దరువు మీద కట్టిన ట్రాకే మాకు కాస్త పేరు తెచ్చింది. ఏడాది తర్వాత ఒక యాడ్ వాళ్ళు ఆ ట్రాక్ కావాలని వచ్చి, డప్పు వాయించినాయన సంతకం ఉందా అన్నారు. లేదు. ఆయన నంబరు మారింది, పని కోసం వేరే ఊరెళ్ళాడు, పట్టుకునేసరికి మూడు నెలలు, ఈలోగా యాడ్ వాళ్ళు ఇంకో పాట చూసుకున్నారు. ఆయన డబ్బు అడగలేదు. "నా పేరెక్కడుంది సారూ?" అన్నాడు. మేం క్రెడిట్స్‌లో 'జానపద వాద్యం' అని పెట్టాం. ఆ మర్నాడే పేరు చేర్చాం, వాటా రాశాం, కానీ ఆ మాట అడిగించుకోవాల్సింది కాదు.

రిలీజు విషయానికొస్తే వారానికో ట్రాక్ వదలకండి. 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు రాని ట్రాకుకి స్పాటిఫై 2024 నుంచి రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం లేదు. పది ట్రాకులు తలా మూడొందలు తెచ్చుకుంటే అక్కడి నుంచి చేతికొచ్చేది సున్నా. ఏడాదికి నాలుగు చాలు, ఒక్కోదాన్ని నెలల తరబడి మోయండి. కవరు మీద మరీ ఖర్చు పెట్టొద్దు. న్యూ ఆర్డర్ అనే బ్యాండు 1983 సింగిల్ ఒకదానికి ఫ్యాక్టరీ వాళ్ళు కన్నాలు కోసిన కవరు చేయించి, అమ్మిన ప్రతి కాపీ మీదా నష్టమేనని వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. మన ఊళ్ళో అచ్చు పనికి కరువు లేదు, ఏదైనా ప్రెస్సులో స్టిక్కర్లు వేయించి, వెనక క్యూఆర్ కోడ్, డెమోలు పంపాల్సిన మెయిల్ వేయండి. మిల్లర్ ఇంటి అడ్రసు అన్నమాట.

వినిపించడం ఎక్కడ అంటారా, ఎలక్ట్రానిక్ మ్యూజిక్ అనగానే మా ఇంటి ఓనరు గారు "వినాయక చవితికి డీజే పెడతారా బాబూ" అని అడిగారు. విసుక్కున్నాం గానీ తర్వాత ఆలోచిస్తే అదే మంచి పరీక్ష. ఊరేగింపు బాక్సులు కట్టే ఆయన్ని బతిమాలి మధ్యాహ్నం ఖాళీ టైములో మా ట్రాక్ పెట్టించాం. హెడ్‌ఫోన్లలో బ్రహ్మాండంగా ఉన్న బేస్ అక్కడ బురదలా వినపడింది, కిక్ డ్రమ్ దెబ్బ ఎక్కడుందో తెలియలేదు. ఇంటికొచ్చి మళ్ళీ మిక్స్ చేశాం.

లెక్కలు మూడు నెలలకోసారి అందరికీ పంపండి, వచ్చింది ఎంత చిన్నదైనా సరే. మొన్నటి మూడు నెలలకి డప్పు ఆయన వాటా 61 రూపాయలు వచ్చింది. ఫోన్‌పేలో వేస్తే అయిదు నిమిషాల్లో ఫోన్ చేసి, పొరపాటున పంపారేమో, తిరిగి వెయ్యమంటారా అన్నాడు.