పాప పుట్టాక మా ఇద్దరి నిద్ర ఎలా కుదిరింది (నా అనుభవం)

మూడు వారాలుగా ఇద్దరికీ వరుసగా 2 గంటల నిద్ర లేదు. నా భార్య ఊరికే ఏడ్చేది. కొత్త ఉయ్యాల, గ్రైప్ వాటర్, ఇద్దరం కలిసి మేలుకోవడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి రాత్రిని పంచుకున్నాం. సాయంత్రమే తను తన పాలు గిన్నెలోకి పిండి ఫ్రిజ్‌లో పెట్టేది. 9కి పాపకి పాలిచ్చి వేరే గదిలో పడుకునేది. పాప మళ్లీ లేవగానే నేను గిన్నెను గోరువెచ్చని నీళ్లలో ఉంచి, చలి విరిగాక ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పట్టి, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకునేవాణ్ణి. పెద్ద లైటు వేయలేదు. 2కి తనను లేపి నేను పడుకునేవాణ్ణి. ఆ 5 గంటల నిద్రతోనే తను తేరుకుంది.

అందరికీ కుదురుతుందని చెప్పలేను. తల్లికి పాలు సరిగా రాకపోతే ముందు డాక్టర్‌ని అడగాలి. బాలింత ఏడుపు 2 వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం నిద్రలేమే అనుకుని ఊరుకోకండి, వెంటనే చూపించండి.