లెపర్డ్ గెకోలను జత కట్టించే ముందు

"ఈ రెంటినీ కలిపితే ఏ పిల్లలొస్తాయి?" అని లెపర్డ్ గెకోల (మచ్చలున్న పెంపుడు బల్లుల) గురించి అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఆ రంగు, డిజైన్ (దీన్నే మార్ఫ్ అంటాం) ఒక్క జన్యువు వల్ల వచ్చిందా, తరతరాలుగా ఏరి ఏరి పెంచితే వచ్చిందా? అది తెలియకుండా శాతాలు లెక్కేయడం దండగ.

మర్ఫీ ప్యాటర్న్‌లెస్, బ్లిజార్డ్, అల్బినో ఒక్క జన్యువు రకాలు, రిసెసివ్. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే పైకి కనిపిస్తాయి. ఒకటే వచ్చిన పిల్ల మామూలుగా ఉంటుంది. దాన్నే హెట్ అంటాం. రెండు హెట్‌లను కలిపితే ప్రతి గుడ్డుకూ ఆ మార్ఫ్ పైకి కనిపించే అవకాశం పావు వంతు. ఆడది ఒక విడతకు పెట్టేది సాధారణంగా రెండు గుడ్లే, కాబట్టి రెండు విడతలైనా రాలేదని టెన్షన్ పడకండి. ఆ జతకు మామూలుగా పుట్టిన పిల్లల్లో మూడింట రెండు హెట్ అయ్యే అవకాశం ఉంటుంది కాబట్టి, వాటినే "66 శాతం హెట్" అని అమ్ముతారు. అది నిజంగా హెట్టో కాదో తేల్చుకోవాలంటే ఆ మార్ఫ్ పైకి కనిపించే గెకోతో జత కట్టించండి. ఒక్క పిల్ల ఆ మార్ఫ్‌తో పుడితే చాలు, ఖాయం. వరుసగా ఆరూ మామూలుగా పుడితే? హెట్‌కు అలా జరిగే అవకాశం 64లో ఒకటి. నేనైతే అక్కడితో ఆశ వదిలేస్తాను.

అల్బినోలో ట్రెంపర్, రెయిన్‌వాటర్, బెల్ అని మూడున్నాయి. మూడూ వేర్వేరు జన్యువులు. ట్రెంపర్‌ను బెల్‌తో కలిపితే పిల్లలు మామూలుగా పుట్టి, రెండు జన్యువులనూ లోపల మోస్తాయి. ఆ తర్వాతి తరంలో ఏది ఏ అల్బినోనో చూసి చెప్పడం కష్టం. దయచేసి కలపకండి.

మ్యాక్ స్నో పద్ధతి వేరు: ఒక్క జన్యువున్నా కనిపిస్తుంది, రెండుంటే సూపర్ స్నో. గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే ఫొటో తీయండి. స్నో పిల్లకు పట్టీల మధ్య పసుపు బదులు తెలుపుంటుంది, సూపర్ పిల్లకు కళ్లు మొత్తం నల్లగా ఉంటాయి. పెరిగేకొద్దీ స్నోకు పసుపు ఎక్కుతుంది, అప్పుడు గుర్తుపట్టడం తలనొప్పే.

టాంజెరిన్ (నారింజ రంగుది) లాంటివి ఏరి ఏరి పెంచితే వచ్చినవి, వాటికి శాతాలుండవు. బాగున్నదాన్ని బాగున్నదానితో కలుపుతూ పోవడమే. పైగా పొదిగే వేడి కూడా రంగు మార్చేస్తుంది: చల్లగా పొదిగిన పిల్లలు ముదురుగా వస్తాయి. 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవే, 32–33 దగ్గర ఎక్కువగా మగవి. అంటే ఒకే జత పిల్లల్లో ఆడవి కాస్త నల్లగా కనిపిస్తే అది జన్యువు మహిమ కాకపోవచ్చు.

ఎనిగ్మా, లెమన్ ఫ్రాస్ట్ అనే మార్ఫ్‌ల జోలికి నేను పోను. ఎనిగ్మాలు తల తిప్పుకుంటూ గిరగిరా తిరుగుతాయి. లెమన్ ఫ్రాస్ట్‌లో ఆ రంగునిచ్చే మార్పే చర్మంలో కణితులూ తెస్తుంది. 2021లో పరిశోధకులు స్పింట్1 అనే జన్యువును వేలెత్తి చూపారు.

ఇంకోటి, ఆడది వీర్యాన్ని లోపల దాచుకుంటుంది. మగదాన్ని మార్చిన వెంటనే వచ్చిన గుడ్లు పాత మగదానివీ కావచ్చు. అందుకే ఆ సీజన్‌కు ఒక్క ఆడదానికి ఒక్క మగదే. గుడ్ల డబ్బా మీద తల్లి, తండ్రి, పెట్టిన తేదీ, పొదిగే డిగ్రీలు చెరిగిపోని మార్కర్‌తో రాయండి. పొదిగే పెట్టెలో తేమకు మామూలు సిరా నిలవదు.