వ్యాయామం అయ్యాక అన్నం తినాలా? మీ ఇబ్బందిని బట్టి జవాబు

తెల్లవారుజామున విశాఖ ఆర్‌కే బీచ్ రోడ్డులో పరిగెత్తేవాళ్లతోనో, ఎంవీపీ కాలనీ జిమ్‌ల నుంచి చెమటతో బయటికొచ్చే కుర్రాళ్లతోనో మాట్లాడితే రెండు భయాలు వినిపిస్తాయి. అరగంటలోపు కార్బ్స్ (పిండిపదార్థాలు) తీసుకోకపోతే చేసిన కష్టమంతా పోయినట్టేనని కొందరు అంటారు. జిమ్ అయ్యాక ఇడ్లీ తింటే కరిగిన కొవ్వు మళ్లీ వచ్చేస్తుందని ఇంకొందరు. రెండూ నిజం కాదు. కానీ కొందరికి మాత్రం వ్యాయామం తర్వాత తినే పిండిపదార్థం చాలా ముఖ్యం. మీరు ఆ కొందరిలో ఉన్నారో లేదో తెలియాలంటే ముందు ఒకటి చూసుకోండి: మళ్లీ ఎన్ని గంటలకు ఒళ్లు వంచబోతున్నారు?

మనం తినే అన్నం, ఇడ్లీ, చోడి (రాగి) అంబలి అన్నీ చివరికి గ్లూకోజ్‌గా మారతాయి. అప్పటికి అవసరం లేని గ్లూకోజ్‌ను ఒళ్లు గ్లైకోజన్ అనే రూపంలో దాచుకుంటుంది. కండరాల్లో సుమారు 300 నుంచి 500 గ్రాములు, కాలేయంలో మరో 80 నుంచి 100 గ్రాములు ఉంటుంది. ఒకసారి బరువులెత్తితే పనిచేసిన కండరంలో పావు వంతు నుంచి 40 శాతం దాకా ఖర్చవుతుంది. గంటన్నర, రెండు గంటలు గట్టిగా పరిగెడితే కాళ్లలో ఉన్నది చాలావరకు అయిపోతుంది. అలా అయిపోయినది పూర్తిగా నిండడానికి బాగా తిన్నా దాదాపు ఒక రోజు పడుతుంది. కింద చెప్పేవాటిలో చాలావాటికి మూలం ఇదే.

పొద్దున్న పరుగు బాగుంది, సాయంత్రం కాళ్లు లేవడం లేదు

ఈ ఇబ్బంది నేను స్వయంగా పడ్డాను. పొద్దున్నే 10 కిలోమీటర్ల పరుగు, సాయంత్రం 5 గంటలకు షటిల్. పరుగు అయ్యాక కాఫీ తాగి ఆఫీసుకు వెళ్లిపోయేవాణ్ని. మధ్యాహ్నం కూర ఎక్కువ, అన్నం తక్కువ. సాయంత్రం రెండో గేమ్‌కే కాళ్లు ఇసుక బస్తాల్లా అయ్యేవి. బూట్లు మార్చాను, నిద్ర పెంచాను, విటమిన్ మాత్రలు కూడా వేసుకున్నాను. ఏదీ పనిచేయలేదు. చివరికి పరుగు అయిన వెంటనే టిఫిన్ తినడం మొదలుపెట్టాక వారంలోనే తేడా తెలిసింది.

పొద్దున్న కాఫీ, మధ్యాహ్నం తక్కువ అన్నంతో నేను మొత్తం మీదే పిండిపదార్థం తక్కువ తిన్నాను. ఎప్పుడు తిన్నామన్నదీ కొంత లెక్కే. వ్యాయామం ఆపిన మొదటి రెండు గంటల్లో కండరం గ్లూకోజ్‌ను చాలా వేగంగా లాక్కుంటుంది. కండరం కదిలినప్పుడు గ్లూకోజ్‌ను లోపలికి చేరవేసే వాహకాలు కణం అంచుకు వచ్చి నిలబడతాయి, వాటికి ఇన్సులిన్ పెద్దగా అవసరం లేదు. సమయం గడిచేకొద్దీ అవి వెనక్కి వెళ్లిపోతాయి. 1988లో అమెరికాలో జాన్ ఐవీ బృందం సైక్లిస్టుల మీద దీన్ని కొలిచి చూసింది. రెండు గంటలు ఆలస్యంగా కార్బ్స్ తీసుకున్నప్పుడు గ్లైకోజన్ నిండే వేగం దాదాపు 45 శాతం తగ్గింది.

అయితే అందరూ పరుగులు పెట్టి తినాలా? అక్కర్లేదు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇదే విషయాన్ని ఇంకా ఎక్కువ సేపు గమనించారు. వెంటనే తిన్నా, రెండు గంటలు ఆగి తిన్నా, 8 గంటల తర్వాతా 24 గంటల తర్వాతా కొలిస్తే గ్లైకోజన్‌లో తేడా లేదు. మన ఫిషింగ్ హార్బర్‌లో బోట్లను చూడండి. ఈ సాయంత్రమే మళ్లీ వేటకు వెళ్లాల్సిన బోటుకు ఒడ్డుకు చేరగానే ఐసు, డీజిలు ఎక్కించాలి. ఎల్లుండి వెళ్లే బోటుకు రేపు ఎక్కించినా సరిపోతుంది.

కాబట్టి రెండు వ్యాయామాల మధ్య 8 గంటల కన్నా తక్కువ వ్యవధి ఉంటే వెంటనే మొదలుపెట్టండి. కిలో బరువుకు గంటకు 1 నుంచి 1.2 గ్రాముల కార్బోహైడ్రేట్, మొదటి 4 గంటల పాటు. ఇది క్రీడాకారులకు చెప్పే కొలత. 60 కిలోల మనిషికి గంటకు 60 నుంచి 70 గ్రాములు అవుతుంది. మామూలు ఇడ్లీలో సుమారు 10 గ్రాములు, ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాములు, 150 గ్రాముల ఉడికిన అన్నంలో 40 గ్రాములు ఉంటాయని లెక్క వేసుకోండి. నాలుగు ఇడ్లీలు, ఒక అరటిపండుతో మొదటి గంట గడిచిపోతుంది. మిగతాది అరగంటకో గంటకో కొంచెం కొంచెంగా తినవచ్చు. నాలాగా సరదాకోసం ఆడేవాళ్లు ఇంత కచ్చితంగా లెక్కపెట్టనక్కర్లేదు. పరుగు అయిన గంటలోపు కడుపునిండా టిఫిన్, మధ్యాహ్నం మామూలు భోజనం చాలు. తేడా అక్కడే వచ్చేస్తుంది.

నాకు నిజంగా బాధ కలిగేది ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఈవెంట్లకు, ఆర్మీ ర్యాలీకి పొద్దునా సాయంత్రం సాధన చేసే పిల్లల్ని చూసినప్పుడు. 1600 మీటర్ల పరుగు కోసం ప్రాణం పెడతారు. ఊరి నుంచి వచ్చి రూముల్లో ఉంటూ, పొద్దున్న సాధన అయ్యాక టీ, బిస్కెట్లతో మధ్యాహ్నం దాకా నెట్టుకొస్తారు. చేతిలో ఉన్న డబ్బులు పెట్టి ప్రోటీన్ డబ్బా కొంటారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ డబ్బుతో రోజూ రెండు అరటిపళ్లు, మూడు ఉడికించిన గుడ్లు, పెద్ద గ్లాసు చోడి అంబలి వస్తాయి. మీకు కావలసింది అదే.

30 నిమిషాలు దాటిపోయింది, చేసినదంతా వేస్ట్ అయిందా?

కాలేదు. రోజుకు ఒక్కసారే వ్యాయామం చేసేవాళ్లు తర్వాతి భోజనం మామూలు సమయానికి తింటే సరిపోతుంది. వ్యాయామానికి రెండు గంటల ముందు ఏదైనా తిని ఉంటే అది అప్పటికీ అరుగుతూనే ఉంటుంది. టెన్షన్ వద్దు.

ఆరు నెలల నుంచి జిమ్, కండ మాత్రం రావడం లేదు

చాలామంది దీనికి కార్బ్స్ సమయాన్నే తప్పుపడతారు. కార్బ్స్ తింటే ఇన్సులిన్ పెరిగి కండ కట్టుకుంటుందని జిమ్‌లో చెబుతుంటారు. 2007లో నెదర్లాండ్స్‌లో చేసిన ఒక పరిశోధన దీన్ని సూటిగా పరీక్షించింది. బరువులెత్తిన తర్వాత సరిపడా ప్రోటీన్ ఇచ్చి, దానికి కార్బ్స్ కొంచెం కలిపినా ఎక్కువ కలిపినా, అసలు కలపకపోయినా కండరంలో కొత్త ప్రోటీన్ తయారయ్యే వేగం మారలేదు.

అసలు కారణం చాలా ఇళ్లలో ప్రోటీన్ తక్కువ కావడమే. బరువులెత్తేవాళ్లకు రోజుకు కిలో బరువుకు 1.6 గ్రాముల దాకా ప్రోటీన్ ఉపయోగపడుతుంది. 65 కిలోల వాడికి 100 గ్రాములు దాటుతుంది. గుడ్డుకు 6 గ్రాములే. పప్పు, పెరుగు, చేపలు, గుడ్లు, చికెన్ కలిపి మూడు పూటలా పూటకు 35 గ్రాముల దాకా వచ్చేలా సర్దుకోవాలి. సముద్రం పక్కన ఉన్నవాళ్లం, చేప మనకు అందుబాటులోనే ఉంది. శాకాహారులకు పొద్దున్న ఇడ్లీకి బదులు రెండు పెసరట్లు, రాత్రి పప్పు, పెరుగు ఎక్కువ. కార్బ్స్ పూర్తిగా మానేయకండి. అవి లేకపోతే బరువు ఎత్తే సత్తువే తగ్గుతుంది. తక్కువ ఎత్తితే కండ ఎలా వస్తుంది?

వ్యాయామం అయ్యాక చేతులు వణుకుతున్నాయి, చల్లటి చెమట, కళ్లు తిరుగుతున్నాయి

ఇది షుగర్ ఉన్నవాళ్లకు వస్తే నిమిషాల మీద పట్టించుకోవాలి. మా పెదనాన్న పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకుండా కైలాసగిరి మెట్లెక్కారు. పైన బెంచీ మీద కూర్చుండిపోయారు. "ఏం పెదనాన్నా, ఏమైంది?" అంటే "ఏం లేదురా, చెమట పట్టింది అంతే" అన్నారు. మాట తడబడుతోంది. పక్కనున్న ఒకావిడ సంచిలోంచి గ్లూకోజ్ పొడి తీసి నీళ్లలో కలిపి ఇచ్చారు. పది నిమిషాలకు తేరుకున్నారు. ఆవిడ పేరు కూడా అడగలేకపోయాం.

పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ లేకుండానే లాగేస్తుంది. ఆపైన ఇన్సులిన్ ఇంజెక్షనో, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రో తోడైతే చక్కెర 70 (mg/dL) కన్నా కిందికి పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ ప్రమాదం తక్కువ. పడిపోవడం అప్పటికప్పుడే జరగాలని లేదు. సాయంత్రం గట్టిగా చేసిన వ్యాయామానికి అర్ధరాత్రి కూడా పడవచ్చు.

వెంటనే చేయాల్సింది: మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, సుమారు 15 గ్రాములు ఉంటుంది. 15 నిమిషాల తర్వాత మీటర్‌తో చూసి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక ఇడ్లీయో, అన్నమో తినాలి, లేకపోతే మళ్లీ పడుతుంది. ఆ స్థితిలో బండి నడపవద్దు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఇకముందు రాకుండా ఉండాలంటే వ్యాయామానికి ముందు చక్కెర చూసుకోండి, 90 కన్నా తక్కువ ఉంటే కొంచెం తిని బయల్దేరండి, జేబులో చక్కెర పొట్లం పెట్టుకోండి. మాత్ర మోతాదు మాత్రం సొంతంగా మార్చకండి, మీ డాక్టరుతో మాట్లాడండి.

షుగర్ లేనివాళ్లకు ఇలా వస్తే చాలాసార్లు రాత్రి 8కి తిని, పొద్దున్న ఖాళీ కడుపుతో గంటన్నర చేయడమే కారణం. బయల్దేరే ముందు ఒక అరటిపండు తిని చూడండి.

మే నెలలో తలనొప్పి, పిక్కలు పట్టేయడం, నీరసం

ఇక్కడ కార్బ్స్‌ను తప్పుపట్టకండి. మన ఊరి ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, ఇంకా చెమట పడుతుంది. వ్యాయామానికి ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు నీరు పోయిందని అర్థం. దానికి లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా మెల్లగా తాగి పూరించాలి, కాస్త ఉప్పుతో. ఉప్పు వేసిన మజ్జిగ బాగా పనిచేస్తుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కాబట్టి అదొక్కటే చాలదు. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఉప్పు, నీరు పెంచే ముందు డాక్టరును అడగాలి.

రోజూ చేస్తున్నా పొట్ట తగ్గడం లేదు

ఎక్కువ మందిలో నేను చూసింది ఇది: వ్యాయామం అయ్యాక భయపడి ఏమీ తినరు, సాయంత్రం 6 అయ్యేసరికి ఆకలి ఆగదు. బీచ్‌లో మురీ మిక్చర్, మిరపకాయ బజ్జీ, ఇంటికెళ్లాక మళ్లీ భోజనం. పొద్దున్న మానేసిన మూడు ఇడ్లీల కన్నా సాయంత్రం తిన్నది చాలా ఎక్కువ. కొవ్వు తగ్గడం రోజంతా తిన్న మొత్తం మీద ఆధారపడుతుంది, జిమ్ తర్వాతి గంట మీద కాదు. వ్యాయామం తర్వాతి పూటను మానకండి. అందులో ప్రోటీన్ పెంచి, సాయంత్రం నూనె వంటలు తగ్గించండి.

ఇంకో సంగతి. అన్నం మానేసిన వారంలో కిలోన్నర, రెండు కిలోలు తగ్గితే అదంతా కొవ్వు అనుకోకండి. ఒక్కో గ్రాము గ్లైకోజన్‌తో పాటు దాదాపు 3 గ్రాముల నీరు ఉంటుంది. ముందు పోయేది ఆ నీరే. మళ్లీ అన్నం తినగానే తిరిగొస్తుంది, దానికి బెంబేలు పడనక్కర్లేదు.

సింహాచలం గిరి ప్రదక్షిణ తర్వాత రెండు రోజులు లేవలేకపోవడం

32 కిలోమీటర్ల నడక. ఉపవాసం ఉండి నడిచేవాళ్లకు దారిలోనే శక్తి అయిపోతుంది, తర్వాత తిన్నది దాన్ని వెనక్కి తేలేదు. పండ్లు, మజ్జిగ తీసుకోవచ్చన్న నియమం ఉంటే గంటకోసారి అరటిపండో, పానకమో తీసుకోండి. ముందు రోజు రాత్రి అన్నం బాగా తినండి. మర్నాటి కండరాల నొప్పి మాత్రం చక్కెర తగ్గి వచ్చేది కాదు. అలవాటు లేని పనికి కండరంలో పడిన సన్నటి గాయాలవి. మూడు వారాల ముందు నుంచీ నడక పెంచుకుంటూ వస్తే చాలావరకు తగ్గుతుంది.

ఇవేవీ సరిపోకపోతే

తిండి, నిద్ర, నీళ్లు సరిచేసుకున్నా రెండు వారాల తర్వాత కూడా నీరసం తగ్గకపోతే డాక్టరును కలిసి హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షల గురించి అడగండి. ఆడవాళ్లలో రక్తహీనతను చాలా ఇళ్లలో బద్ధకమని కొట్టిపారేస్తారు, అలా వదిలేయకండి. వ్యాయామంలో ఛాతీ బిగుసుకుపోయినా, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకినా, స్పృహ తప్పినా అరటిపండు కోసం చూడకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.