ఆలుమగల రోజుపనిని లెక్కగట్టే పద్ధతి

అనంతపురం జిల్లా పల్లెల్లో ఆడ, మగ పనిలో తేడా తేల్చాలనుకునే విద్యార్థి మొదట మానుకోవాల్సిన ప్రశ్న "మీరేం పని చేస్తారు?" అన్నది. పశువులకు మేత వేసి, వంట చేసి, విత్తనానికి శెనక్కాయలు ఒలిచిన మనిషి కూడా దానికి "ఏం లేదు, ఇంట్లోనే ఉంటా" అనేస్తుంది.

అందుకే నిన్నటి రోజును గంటగంటకూ అడగండి. తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా అరగంటకో గడి, మొత్తం 48 గడులు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే కూడా ఇలాగే అరగంటల లెక్కన సాగింది. కూలి లేని ఇంటిపని చేసినవాళ్లలో ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లకు 97 నిమిషాలు పట్టాయని అందులో తేలింది.

గడియారం చూసి ఎవరూ పని చేయరు. పాలు పిండిన వేళ, కొళాయి నీళ్లొచ్చిన వేళ, స్కూలు బస్సు పోయిన వేళ పట్టుకుని "లేస్తానే ఏం చేసినావక్కా? ఆ తర్వాత?" అంటూ పోవాలి. గడికి మూడు పనుల దాకా రాయండి. పొయ్యి మీద కూర ఉడుకుతుండగా బిడ్డను చూసుకోవడం రెండు పనులు. రెండోది వదిలేస్తే తరిగేది ఎక్కువగా ఆడవాళ్ల లెక్కే. కూడేటప్పుడు మాత్రం అరగంటను పనులకు పంచాలి, లేదంటే రోజు 24 గంటలు దాటిపోతుంది.

భార్యాభర్తలను ఒకే ఇంటి నుంచి తీసుకుంటే భూమి, బోరు, పిల్లలు ఇద్దరికీ సమానం. కానీ విడివిడిగా అడగండి. పక్కనుంటే ఆమె జవాబు ఆయనే చెప్పేస్తాడు.

ఎన్ని జంటలు కావాలి? ఇంటింటి తేడాల సగటు, ఆ తేడాల ప్రామాణిక విచలనంలో (తేడాలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సగం ఉంటే, 5 శాతం హద్దుతో (లేని తేడాను ఉందని పొరబడే అవకాశం నూటికి 5 మించకుండా) ఆ తేడాను నూటికి 80 సార్లు పట్టడానికి 34 జంటలు చాలు. అది 0.2 వంతే అయితే 199 కావాలి. చిన్న సర్వేలో "తేడా లేదు" అని రాసేముందు ఇది చూసుకోవాలి.

శెనక్కాయ పీకే అక్టోబరు, నవంబరులో ఒకసారి, చేలు ఖాళీగా ఉండే ఏప్రిల్‌లో మరోసారి వెళ్లండి. సంత రోజును విడిగా గుర్తించండి.

సగటుతో పాటు ఎన్ని ఇళ్లలో మగవాళ్ల ఇంటిపనే ఎక్కువో కూడా రాయాలి. ఇది స్వభావాన్ని కొలిచే సర్వే కాదు, సమయాన్ని కొలిచేది. "ఆడవాళ్లు పుట్టుకతోనే అంత" అనే మాటకు ఇందులో ఆధారం దొరకదు. తేడా ఎక్కడ తగ్గుతోందో వెతకాలంటే ఇంటి కొళాయి, గ్యాసు, ఇంట్లో అత్త, చిన్నపిల్లలు వంటి వివరాలు మొదటి పేజీలోనే అడిగి ఉంచుకోండి.