పెద్దల విజువల్ నావెల్ గేమ్‌లో మంచిచెడ్డలు ఎలా తేల్చాలి?

విజువల్ నావెల్ అంటే ఆడేదానికన్నా చదివేది ఎక్కువ ఉండే గేమ్. తెర మీద పాత్రల బొమ్మలు, కింద సంభాషణ పెట్టె, మధ్యమధ్యలో ‘ఇప్పుడేం చేస్తావ్?’ అంటూ రెండు మూడు దారులు. దాని మీద ‘పెద్దలకు మాత్రమే’ అన్న ముద్ర ఉంటే చాలు, అభిప్రాయం చెప్పేవాళ్లు రెండు జట్లయిపోతారు. ఒకరు చూడకుండానే ఛీ అంటారు. ఇంకొకరు బొమ్మలు బాగుంటే చాలు, పదికి పది మార్కులు వేసేస్తారు. కొనాలా వద్దా అని ఆలోచించేవాడికి ఈ ఇద్దరి మాటా అక్కరకు రాదు. నన్నడిగితే, ఇలాంటి గేమ్‌లో ముందు చూడాల్సింది బొమ్మలు కాదు, మనం తీసుకున్న నిర్ణయానికి అందులో ఎంత విలువ ఉందన్నది. ఇలాంటి గేమ్ మీద సమీక్ష రాయాలనుకునేవాళ్లు దాన్ని ఎలా పట్టుకోవాలో వరసగా చూద్దాం.

1. అసలు ఏ రకం గేమో తెలుసుకోండి

ఇవన్నీ పూర్తయ్యాకే విడుదలవుతాయని అనుకోకండి. చాలామంది తయారీదారులు పేట్రియాన్ లాంటి చోట నెలనెలా చందాలు తీసుకుంటూ, అధ్యాయాల వారీగా విడుదల చేస్తారు. వెర్షన్ 0.4 అనో 0.7 అనో ఉంటే కథ ఇంకా నడుస్తోందని అర్థం. చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో చూడండి. ఏడాదిగా ఉలుకూ పలుకూ లేకపోతే అది కచ్చితంగా లోపమే, రాసేయండి. ఎంపికలే లేకుండా ఒకే దారిలో నడిచే కైనెటిక్ నావెల్ అనే రకం కూడా ఉంది. అలాంటిదాన్ని పట్టుకుని ‘దారులు లేవు’ అని తిట్టడం అన్యాయం.

నిడివి కూడా ముందే చూసుకోండి. ఈ గేమ్‌ల వివరాలన్నీ పోగుచేసే వీఎన్‌డీబీ సైట్ 2 గంటల లోపు వాటిని మరీ చిన్నవిగా, 50 గంటలు దాటినవాటిని మరీ పెద్దవిగా లెక్కేస్తుంది. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొంటే 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకుండా ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. పొడవైన గేమ్‌కి ఆ 2 గంటలు కథ మొదలవడానికే సరిపోతాయి, కాబట్టి వాటిని జాగ్రత్తగా వాడుకోవాలి.

2. మొదటి గంట స్కిప్ బటన్ (సంభాషణల్ని గబగబా దాటించేది) ముట్టుకోకండి

కథ రాసినవాళ్ల పనితనం ఇక్కడే తెలిసిపోతుంది. పేర్లు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక సంభాషణ చదవండి. ఎవరు మాట్లాడుతున్నారో పోల్చుకోగలిగితే పాత్రలకు సొంత గొంతు ఉన్నట్టే. అందరూ ఒకే తానులో ముక్కల్లా, ఒకేలా జోకులేస్తూ, ఒకేలా సిగ్గుపడుతుంటే అది పెద్ద బలహీనత. కథానాయకుడి సంగతి మరీ దారుణంగా ఉంటుంది. వాడికి ఉద్యోగం, స్నేహితులు, గతం ఏమీ ఉండవు, కానీ కనపడ్డ ప్రతి ఆడపాత్రా వాడి వెంటే పడుతుంది. ఎందుకో గేమ్ చెప్పదు. చెప్పిన గేమ్ కనపడితే దాన్ని ఒక బలంగా రాసుకోండి.

3. ఎంపికల గుట్టు విప్పండి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. దారి ఎంచుకోమన్న ప్రతిచోటా ముందు సేవ్ చేయండి. ఒక జవాబు ఇచ్చి ముందుకెళ్లండి, తర్వాత వెనక్కొచ్చి రెండోది ఇవ్వండి. ఉదాహరణకి, నాయిక ‘రాత్రి ఫోన్ ఎందుకు ఎత్తలేదు?’ అని అడిగిందనుకోండి. నిజం చెప్పడం, అబద్ధమాడటం, మాట్లాడకుండా ఉండిపోవడం అని మూడు దారులు ఇచ్చారు. మీరు ఏది నొక్కినా ఆమె ‘సర్లే, వదిలేయ్’ అని అదే కాఫీ ముందు పెడితే అది తూతూమంత్రం. అదే గేమ్ ఆ అబద్ధాన్ని గుర్తుంచుకుని, రెండు అధ్యాయాల తర్వాత ఆమె స్నేహితురాలి నోట బయటపెట్టిస్తే దానికి చప్పట్లు కొట్టాలి.

దీనికి ఒక చిట్కా ఉంది. ఈ గేమ్‌లలో చాలావాటిని రెన్‌పై అనే ఉచిత ఇంజిన్‌తో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌తో) తయారుచేస్తారు, 2004 నుంచి వాడుకలో ఉంది. తయారీదారు మార్చకపోతే, అందులో స్కిప్ అప్పటికే చదివిన వాక్యాల మీదే పరిగెత్తుతుంది, కొత్త వాక్యం రాగానే ఆగిపోతుంది. రెండోసారి వేరే దారి ఎంచుకుని కంట్రోల్ మీట నొక్కిపట్టండి. ఎంపికల దగ్గర కాకుండా స్కిప్ ఇంకెక్కడెక్కడ ఆగిందో అక్కడే కథ మారినట్టు. రెండు వాక్యాల కోసం ఆగి మళ్లీ గంటసేపటి కథను గబగబా దాటేసిందంటే, ‘వందల దారులు’ అన్న ప్రకటనంతా పైన పటారం, లోన లొటారం.

ఇంకో రోగం, కనపడని పాయింట్లు. ఎప్పుడో మొదట్లో ఒక చిన్న జవాబు తేడా వచ్చినందుకు చివర్లో ఒక పాత్ర దారి మొత్తం మూసేస్తారు. తప్పు ఎక్కడ జరిగిందో మాత్రం చెప్పరు. గైడ్ పక్కన పెట్టుకుంటే తప్ప ముందుకెళ్లలేని గేమ్‌ని లోతైన గేమ్ అనడం నాకు ఒప్పదు. ఊరంతా తిరుగుతూ రోజుకొకసారి అదే తలుపు తట్టి, అదే మాట విని, పాయింట్లు పోగేసే రకమైతే అందులో ఎంత కథ, ఎంత కాలయాపన అన్నది విడిగా రాయండి.

4. పెద్దల దృశ్యాలను కథలో భాగంగానే చూడండి

ఇక్కడ మొహమాటపడి ‘బాగున్నాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చాలామంది. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఆ దృశ్యం ముందూ తర్వాతా పాత్రల మధ్య ఏమైనా మారిందా? అంతవరకు ఒకలా ఉన్న మనిషి ఆ దృశ్యంలో ఉన్నట్టుండి వేరే మనిషైపోయిందా? ఇద్దరి ఇష్టం కథలో కనపడుతోందా? బలవంతం ఉంటే ముందే హెచ్చరించారా, వద్దనుకుంటే దాటేసే వీలుందా? ఆ దృశ్యాలన్నీ తీసేసి కథను ఊహించుకోండి. అప్పుడు కూడా తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలనిపిస్తే గేమ్‌కి వెన్నెముక ఉన్నట్టే.

రెండు విషయాల్లో పొరబడకండి. జపాన్ చట్టం వల్ల అక్కడి గేమ్‌లలో కొన్ని భాగాల మీద మొజాయిక్ (మసక గళ్లు) వేస్తారు, దాన్ని చిత్రకారుడి లోపంగా రాయకూడదు. అలాగే స్టోర్‌లో దొరికే వెర్షన్‌లో కొన్ని దృశ్యాలు లేకుండా, విడిగా ప్యాచ్ (తర్వాత గేమ్‌కి కలుపుకునే ఫైల్) ఇవ్వడం మామూలే. మీరు ఆడింది ఏ వెర్షనో చెప్పండి.

పాత్రలను పద్దెనిమిది లోపువాళ్లుగా చూపించి ఇలాంటి దృశ్యాలు పెడితే ఇక బలాలూ బలహీనతలూ వెతకక్కర్లేదు. గేమ్ తీసేసి, అమ్మే చోట ఫిర్యాదు చేయండి.

5. బొమ్మలు, శబ్దం

త్రీడీ బొమ్మలైతే చాలామంది డాజ్ స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్‌లో రెడీమేడ్ మోడళ్లు వాడతారు. అందుకే ఒక గేమ్‌లో చూసిన మొహం ఇంకో గేమ్‌లో ఎదురవుతుంది. అదొక్కటే లోపం కాదు. ఏడ్చే మాటకి ఏడుపు మొహం ఉందా, అదే చిరునవ్వుతో చావు కబురు చెబుతోందా అని చూడండి. సంగీతం అరగంటకే విసుగు పుట్టిస్తే ఆ సంగతీ రాయండి.

6. అనువాదాన్ని, సాంకేతిక పనిని విడదీయండి

జపనీస్‌లో కర్త, సర్వనామం చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది. అందుకే మెషీన్ అనువాదాల్లో ఉన్నట్టుండి ‘అతను’ ‘ఆమె’ అయిపోతుంటుంది. సంభాషణ తలా తోకా లేకుండా ఉంటే మూల రచయితను తిట్టేముందు అనువాదం ఎవరు చేశారో చూడండి. సాంకేతికంగా చూడాల్సినవి కొన్నే. కొత్త అప్‌డేట్ వచ్చాక పాత సేవ్ ఫైళ్లు తెరుచుకుంటున్నాయా, వెనక్కి వెళ్లే సదుపాయం ఉందా, అక్షరాల సైజు మార్చుకోవచ్చా. ఇరవై గంటలు ఆడిన సేవ్ పనికిరాకుండా పోతే ఎంత మంచి కథైనా మనసు విరిగిపోతుంది.

7. రాసేటప్పుడు

ఎన్ని గంటలు ఆడారో, ఏ వెర్షనో, ఎన్ని దారులు ముగించారో మొదటి పేరాలోనే చెప్పేయండి. మీకు నచ్చనిదీ, గేమ్‌లో ఉన్న లోపమూ ఒకటి కావు. ‘నెమ్మదిగా సాగింది’ అనేది అభిరుచి. ‘మూడో అధ్యాయంలో విడిపోయిన ఇద్దరు నాలుగో అధ్యాయంలో ఏమీ జరగనట్టు కలిసి భోంచేస్తున్నారు’ అనేది లోపం. ప్రతి విమర్శకీ ఇలాంటి ఒక్క సన్నివేశమైనా చూపించండి, అయితే ముగింపులు బయటపెట్టకండి. దృశ్యాల స్వభావం గురించి, బలవంతం, మోసం, కుటుంబ సంబంధాలు లాంటివి ఉంటే, స్పాయిలర్ (కథ గుట్టు ముందే విప్పేయడం) అనుకోకుండా పైనే చెప్పండి. చదివేవాళ్లలో చాలామందికి ముందుగా కావాల్సింది ఆ సమాచారమే. అధ్యాయాల వారీగా వచ్చే గేమ్ అయితే తేదీ కూడా వేయండి, కొత్త వెర్షన్ వచ్చాక మీరు చెప్పిన లోపాల్లో ఏవి సర్దుకున్నాయో కింద చేర్చండి.