ఆఫీసుకు సైకిల్ మీద వెళ్తే వ్యాయామానికి వేరే టైమ్ అక్కర్లేదు

వ్యాయామం చేయాలని అందరికీ ఉంటుంది, టైమే దొరకదు. పొద్దున లేస్తే ఆఫీసు హడావుడి, సాయంత్రం ఇంటికి చేరేసరికి ఒంట్లో ఓపిక ఉండదు, జిమ్‌కి కట్టిన డబ్బు కట్టినట్టే పోతుంది. ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లి చూడమని నేను కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పేది అందుకే. ఎలాగూ వెళ్లాల్సిన దారి, ఎలాగూ ఖర్చయ్యే టైమ్, అందులోంచే వ్యాయామం వచ్చేస్తుంది.

లెక్క చూడండి. ఇంటికీ ఆఫీసుకీ మధ్య 5 కిలోమీటర్లు ఉందనుకుందాం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో, అంటే ఏమాత్రం తొందరపడకుండా తొక్కినా 20 నిమిషాల్లో చేరతారు. రానుపోను 40 నిమిషాలు, వారానికి ఐదు రోజులైతే 200. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. నాలుగు రోజులు వెళ్లినా 160 అవుతుంది కాబట్టి మీరు ఆ పరిధిలోకి వచ్చేసినట్టే.

పనిలో ఒళ్లు కదలడానికీ గుండె ఆరోగ్యానికీ సంబంధం ఉందన్నది పాత సంగతే. లండన్ బస్సుల్లో పనిచేసేవాళ్ల మీద జెరెమీ మోరిస్ అనే డాక్టర్, ఆయన బృందం చేసిన పరిశోధన 1953లో వచ్చింది. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి. ఇక 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో, బ్రిటన్‌లో రెండున్నర లక్షల మందికి పైగా వివరాలు చూస్తే, కారులోనో బస్సులోనో రైల్లోనో పనికి వెళ్లేవాళ్లతో పోలిస్తే సైకిల్ మీద వెళ్లేవాళ్లకు, అధ్యయనం సాగిన కొన్నేళ్లలో చనిపోయే ముప్పు సుమారు 41 శాతం తక్కువగా ఉంది. ముందే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు సైకిల్ ఎంచుకుని ఉండొచ్చు కాబట్టి ఆ ఘనతంతా సైకిల్‌దే అనలేం. అయినా రోజూ గుండెకు, ఊపిరితిత్తులకు పని పడితే మేలు జరుగుతుందన్నదాన్లో అనుమానం లేదు.

నాకు మాత్రం అన్నిటికంటే విలువైనది సాయంత్రం తిరుగు ప్రయాణం. మీటింగులో ఎవరో అన్న మాట బుర్రలో గిర్రున తిరుగుతుంటుంది, మొదటి రెండు మూడు సిగ్నళ్ల దాకా తిరుగుతూనే ఉంటుంది, ఆ తర్వాత ముందున్న గుంత, పక్కనుంచి దూసుకొచ్చే బండి, ఎత్తు ఎక్కేటప్పుడు పెరిగే ఊపిరి, వీటి మీదికి ధ్యాస మళ్లిపోయి, ఇల్లు చేరేసరికి టెన్షన్ సగం దిగిపోతుంది. ట్రాఫిక్ ఎలా ఉన్నా సైకిల్‌కు పట్టే టైమ్ పెద్దగా మారదు, కాబట్టి లేటవుతుందేమో అన్న బెంగ కూడా తగ్గుతుంది.

బరువు సంగతి ముందే చెప్పేస్తాను. సైకిల్ తొక్కితే ఆకలి కూడా పెరుగుతుంది, అందుకని తిండి మీద ధ్యాస లేకుండా ఇదొక్కటే బరువు తగ్గించేస్తుందని ఆశ పెట్టుకోకండి. అలాగే సైకిల్ మీద ఒంటి బరువు సీటే మోస్తుంది, ఎముకలకు గట్టి పని పడదు, కాబట్టి నడక, మెట్లు ఎక్కడం, కాస్త బరువులు ఎత్తడం మానొద్దు. గుండెజబ్బు ఉన్నా, శ్రమ చేస్తే ఛాతీలో నొప్పి వచ్చినా డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టండి.

ఇక ఎలా మొదలుపెట్టాలి? కొత్త సైకిల్ కొనడం కంటే ముందు సీటు ఎత్తు చూసుకోండి. ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలని చాలామంది సీటు బాగా దించేసుకుంటారు, ఆ తర్వాత మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలై, సైకిల్ మనకు పడదులే అని మూలన పెట్టేస్తారు. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, ఒక పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి, అప్పుడు మోకాలు తిన్నగా చాపినట్టు ఉండాలి. మడమ తీసి పాదం ముందుభాగం పెట్టి తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది, మీకు కావాల్సిన ఎత్తు అదే. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంటే మాత్రం ఎత్తు ఎక్కువైనట్టు, కాస్త దించండి. కూర్చునే చోట తిమ్మిరెక్కుతుంటే సీటు ముందువైపు పైకి లేచి ఉందేమో చూసి సమానంగా సరిచేయండి.

టైర్లలో గాలి చాలకపోతే అనవసరంగా కష్టపడతారు, పంక్చర్లూ ఎక్కువవుతాయి. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది, ఆ అంకెలు చూసి కొట్టించండి. గేర్లు ఉంటే తేలిక గేర్‌లో పెట్టి కాళ్లు చకచకా తిప్పండి, బరువు గేర్‌లో బలవంతంగా తొక్కితే ఆ భారమంతా మోకాళ్ల మీదే పడుతుంది.

మొదటిసారి సెలవు రోజున వెళ్లి రండి. ఎంతసేపు పడుతుందో, ఎక్కడ ఎత్తుందో, రోడ్డు ఎక్కడ పాడైపోయిందో తెలిసిపోతుంది. బండిలో వెళ్లే మెయిన్ రోడ్డే సైకిల్‌కూ మంచి దారి అని అనుకోకండి. కిలోమీటరు ఎక్కువైనా సరే పక్క వీధుల్లోంచి వెళ్లే దారి ఉంటే అదే పట్టుకోండి, వాహనాల భయమూ తక్కువ, పీల్చే పొగా తక్కువ. ఆ తర్వాత వారానికి రెండు రోజులు చాలు. మొదటి వారమే ఐదు రోజులూ తొక్కేయాలని పట్టుబడితే ఒళ్లు నొప్పులతో రెండో వారమే విసుగొస్తుంది.

చెమట సంగతి అందరూ అడుగుతారు. పావుగంట ముందు బయల్దేరండి, మాట్లాడగలిగేంత ఊపిరి ఉండేలా తొక్కండి, చివరి కిలోమీటరు ఇంకా నెమ్మదిగా వెళ్లండి. దిగిన వెంటనే చొక్కా మార్చేస్తే మళ్లీ తడిసిపోతుంది, ఎందుకంటే ఆగాక కూడా కాసేపు చెమట పడుతూనే ఉంటుంది. పది నిమిషాలు గాలి తగిలేచోట నిలబడి, తడి టవల్‌తో తుడుచుకుని, అప్పుడు మార్చుకోండి. బ్యాగు వీపుకి తగిలించుకుంటే వీపంతా తడిసి ముద్దవుతుంది, క్యారియర్‌కు కట్టేయండి. సైకిల్ తేని రోజున రెండు మూడు జతల బట్టలు తెచ్చి ఆఫీసులో ఉంచుకుంటే పొద్దున సర్దుకునే పని తప్పుతుంది. సాయంత్రం ఎలాగూ ఇంటికే కాబట్టి గట్టిగా తొక్కాలనిపిస్తే అప్పుడు తొక్కండి.

రోడ్డు మీద ఎక్కువమంది చేసే పొరపాటు భయపడి మరీ అంచుకు వెళ్లిపోవడం. అక్కడే ఇసుక, గుంతలు ఉంటాయి, వెనకవాళ్లకు సందు దొరికిందనిపించి రాసుకుంటూ వెళ్లిపోతారు. అంచు నుంచి కాస్త లోపలికి, వంకర్లు పోకుండా ఒకే గీతలో వెళ్లండి. ఆగి ఉన్న కార్లకు కనీసం మీటరు దూరం ఉంచండి, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలీదు. లారీ, బస్సు మలుపు తిరిగేటప్పుడు దాని పక్కకు అస్సలు చేరకండి, డ్రైవర్‌కు మీరు కనిపించరు, వెనకే ఆగండి. హెల్మెట్, బెల్, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాల్సిందే.

లాక్ వేసేటప్పుడు ఒక్క చక్రానికే వేస్తే చక్రం వదిలేసి మిగతాదంతా పట్టుకుపోతారు. ఫ్రేమునూ చక్రాన్నీ కలిపి, కదలని ఇనుప కమ్మీకి వేయండి.

వాన రోజుల్లో రిమ్ము పట్టుకునే బ్రేకులు ఆలస్యంగా పడతాయి, రోడ్డు మీద పెయింటు గీతలు, ఇనుప మూతలు జారుతాయి, కాబట్టి ముందునుంచే వేగం తగ్గించుకుంటూ రండి, వాటి మీద మలుపు తిప్పకండి. ఉరుములు మెరుపులుంటే ఆ రోజుకు బస్సెక్కేయండి. తడిసిన సైకిల్‌ను ఇంటికి రాగానే చైన్ తుడిచి, ఆరాక చైన్ నూనె చుక్కలుగా వేసి, పైకి కారినదాన్ని గుడ్డతో తుడిచేయండి. నూనె జిడ్డు అలాగే వదిలేస్తే దుమ్మంతా పట్టి చైన్ త్వరగా అరిగిపోతుంది.